బాయ్‌కాట్ అంటే కంపెనీలు నిజంగా భయపడతాయా, నటిస్తాయా?

ఎల్బీడబ్ల్యూ బాబాయ్:
ఆటలో ఏదో రాజకీయం దూరుద్ది, జనం స్పాన్సర్ మీద పడతారు, హ్యాష్‌ట్యాగ్ ఓ వారం తిరుగుద్ది, అంతే. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్, చైనా ఫోన్ కంపెనీ వివో సంగతే చూడండి. జూన్‌లో సరిహద్దులో చైనాతో గల్వాన్ గొడవ, ఆగస్టు మొదట్లో ఐపీఎల్ వాళ్ళేమో స్పాన్సర్లు పాతవాళ్ళే అన్నారు, తిట్లు మొదలయ్యేసరికి వారం తిరక్కుండానే ఆ సీజన్‌కి వివో అవుట్. 2021లో మళ్ళీ వచ్చి దర్జాగా కూర్చుంది. మధ్యలో 222 కోట్లకి వచ్చిన ఫాంటసీ గేమ్ యాప్ డ్రీమ్ ఎలెవెన్‌లోనూ చైనా టెన్సెంట్ వాటా ఉంది, దాని మీద కాస్త గొణిగి ఊరుకున్నారు.

నోబాల్ నారి:
బాబాయ్, సగమే చెప్పావ్. వివో ఏడాదికి 440 కోట్ల దాకా కట్టేది, 222 అంటే బోర్డుకి సగం పోయినట్టే కదా. పైగా ఒప్పందం ఇంకా ఉండగానే 2022 నుంచి టైటిల్ టాటాకి వెళ్ళిపోయింది. ఏమీ జరగలేదంటే ఎలా?

మౌనంగా చదివేవాడు:
నాకైతే అసలు పాయింట్ అరిచేది ఎవరు అన్నది. 2018 సెప్టెంబర్‌లో నైకీ కేపర్నిక్‌తో యాడ్ వేసింది, నల్లవాళ్ళ మీద జరిగే అన్యాయానికి నిరసనగా జాతీయగీతం అప్పుడు మోకాలి మీద కూర్చున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, అప్పటికే ఏ టీమూ తీసుకోవట్లేదు. జనం బూట్లు తగలబెట్టి వీడియోలు పెట్టారు, సాక్సుల మీద లోగో కత్తిరించారు (డబ్బిచ్చి కొన్నవే, నైకీకేం నష్టమో!), మర్నాడు షేరు 3 శాతం దాకా పడింది, ఆ నెల్లోనే రికార్డు రేటుకి పోయింది. తగలబెట్టేవాళ్ళు తన ముఖ్యమైన కస్టమర్లు కాదని నైకీకి ముందే తెలుసు.

ఎల్బీడబ్ల్యూ బాబాయ్:
అంటే ధైర్యం కాదు, లెక్క. నేనన్నదీ అదేగా.

నోబాల్ నారి:
లెక్కే అనుకుందాం, ఆ లెక్క మార్చేది జనమే కదా. 2019లో అదే నైకీ పాత అమెరికా జెండా ఉన్న బూట్లు చేసి, అది బానిసత్వపు రోజుల జెండా అని కేపర్నిక్ అభ్యంతరం చెప్పగానే వెనక్కి తీసుకుంది. దానికి అరిజోనా గవర్నర్‌కి కోపమొచ్చి ఫ్యాక్టరీకి ఇస్తామన్న రాయితీ ఆపమన్నాడు, అయినా బూట్లు మాత్రం తిరిగి రాలేదు.

పక్క గ్యాలరీ:
పూమా మాటేంటి మరి? ఈ స్పోర్ట్స్ బూట్ల కంపెనీ 2018 నుంచి 2024 దాకా ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ సంఘానికి కిట్ ఇచ్చింది, పాలస్తీనా మద్దతుదారులు ఏళ్ళ తరబడి బాయ్‌కాట్ నడిపారు. 2023 డిసెంబర్‌లో ఒప్పందం పొడిగించట్లేదంది, అయితే ఈ నిర్ణయం 2022లోనే తీసుకున్నాం, బాయ్‌కాట్‌కి సంబంధం లేదంది.

మౌనంగా చదివేవాడు:
ఒత్తిడికి లొంగామని ఒప్పుకుంటే రేపు ఇంకో గుంపు వచ్చి కూర్చుంటుంది, అందుకే గడువు ముగిసేదాకా ఆగి చప్పుడు లేకుండా తప్పుకుంటారు.

ఎల్బీడబ్ల్యూ బాబాయ్:
గడువు ఎలాగూ ముగిసేదేగా. మీ బాయ్‌కాట్ వల్లే వెళ్ళిందని ఎలా తేలుస్తావ్?

నోబాల్ నారి:
తేల్చలేను. కానీ సంబంధం లేదన్న మాట పూమాదే, దాన్నెలా నమ్ముతున్నావో అది చెప్పు ముందు.