వ్యాపారం మానేశాక జీఎస్టీ నంబరు రద్దు: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

చీరల దుకాణం:
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా నడుపుతున్న చీరల దుకాణాన్ని ఈ ఆర్థిక సంవత్సరంతో మూసివేయాలని నిర్ణయించుకున్నాను. పోర్టల్‌లో రద్దు దరఖాస్తు, అంటే రెగ్-16, తెరిచి చూస్తే మిగిలిన సరుకు విలువనూ దానిపై కట్టవలసిన పన్నునూ అడుగుతోంది. ఇంకా అమ్మని సరుకుపై పన్ను ఎందుకు కట్టాలి? రిటర్నులు వేయడం మానేస్తే అధికారులే నంబరు తీసేస్తారని తోటి వ్యాపారులు అంటున్నారు, అందులో నిజమెంత?

లెక్కల గుమాస్తా:
సరుకు సంగతి ముందు చెబుతానండి, ఎక్కువ మంది ఇబ్బంది పడేది అక్కడే. ఆ చీరలు కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకాలపై కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తంగా, తీసుకున్నారు. సరుకును తిరిగి పన్నుతో అమ్ముతారన్న లెక్క మీదనే చట్టం ఆ క్రెడిట్ ఇచ్చింది. నంబరు రద్దయితే ఆ అమ్మకపు పన్ను ప్రభుత్వానికి రాదు కనుక, తీసుకున్న క్రెడిట్, ఆ సరుకుపై పడే అమ్మకపు పన్ను, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలని కేంద్ర జీఎస్టీ చట్టం 29(5) సెక్షన్ చెబుతోంది. తీసుకున్న క్రెడిట్ 40,000 రూపాయలు, అమ్మకపు పన్ను 46,000 అయితే కట్టవలసింది 46,000. యంత్రాలూ కంప్యూటర్లూ ఉంటే వాటి ఆయుష్షును 60 నెలలుగా లెక్కించి, మిగిలిన నెలలకు తగిన క్రెడిట్‌ను కట్టవలసిన మొత్తంగా లెక్కిస్తారు. 60,000 క్రెడిట్ తీసుకున్న యంత్రాన్ని 40 నెలలు వాడి ఉంటే, మిగిలిన 20 నెలలకు 20,000 వస్తుంది. దాని విక్రయ విలువపై పన్ను అంతకన్నా ఎక్కువైతే ఆ పన్నే కట్టాలి. ఈ మొత్తాన్ని క్రెడిట్ లెడ్జర్‌లో (పోర్టల్‌లో మీ క్రెడిట్ ఖాతా) నిల్వ ఉంటే అందులోంచి, లేకపోతే క్యాష్ లెడ్జర్‌లోంచి (పన్ను కోసం మీరు జమ చేసిన డబ్బు ఖాతా) చెల్లించవచ్చు.

అందుకే దరఖాస్తు పెట్టకముందే వీలైనంత సరుకు బిల్లు వేసి అమ్మేయమని నేను గట్టిగా చెబుతాను. దరఖాస్తు పెట్టాక రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌లోకి వెళ్తుంది, ఆ తరువాత పన్ను పడే అమ్మకాలు చేయకూడదు.

విడిభాగాల తయారీ:
అధికారులే తీసేస్తారన్న మాట నమ్మి ఊరుకోవద్దని మనవి. నెలవారీ రిటర్నులు వేసేవారు వరుసగా ఆరు నెలలు వేయకపోతే అధికారి రెగ్-17లో షోకాజ్ నోటీసు ఇచ్చి రద్దు చేయగలరన్నది నిజమే. అయితే అప్పటివరకు వేయని రిటర్నులూ వాటి ఆలస్య రుసుమూ అలాగే నిలిచి ఉంటాయి. అమ్మకాలు లేని నెలకైనా రోజుకు 20 రూపాయల చొప్పున, ఒక్కో రిటర్నుకు 500 వరకు పడుతుంది. అంతకన్నా పెద్ద సమస్య, ఆ రద్దును వెనకటి తేదీ నుంచి కూడా అమలు చేసే అధికారం చట్టంలో ఉంది. నాకు సరుకు ఇచ్చిన ఒక వ్యాపారి ఇలాగే వదిలేయడంతో, ఆయన దగ్గర కొన్న సరుకుపై నేను తీసుకున్న క్రెడిట్‌ను ప్రశ్నిస్తూ నాకు నోటీసు వచ్చింది. ఇన్వాయిస్‌లు, ఈ-వే బిల్లులు (సరుకు రవాణా పత్రాలు), బ్యాంకు చెల్లింపుల వివరాలు అన్నీ సమర్పించవలసి వచ్చింది. ఇన్నాళ్లూ మిమ్మల్ని నమ్మి కొన్నవారికి ఆ పరిస్థితి రాకూడదు.

నాన్నగారి దుకాణం:
మా నాన్నగారు కాలం చేశాక ఆయన పేరిట ఉన్న నంబరును నేనే రద్దు చేయించాను. యజమాని మరణిస్తే చట్టబద్ధ వారసులు రద్దుకు దరఖాస్తు చేయవచ్చు. మరణ ధృవీకరణ పత్రం, వారసత్వ పత్రం చూపి, అధికారి ద్వారా లాగిన్‌కు నా మొబైల్, ఈమెయిల్ చేర్పించుకున్నాకే పని ముందుకు సాగింది. పాత నంబరుకు ఓటీపీలు వెళ్తున్నంత కాలం ఏమీ చేయలేము. వ్యాపారాన్ని కొనసాగించదలచినవారు తమ పాన్‌పై కొత్త నంబరు తీసుకుని, మిగిలిన క్రెడిట్‌ను ఐటీసీ-02 అనే ఫారం ద్వారా బదిలీ చేసుకోవచ్చు.

లెక్కల గుమాస్తా:
ఒక మాట చేర్చాలి. రెగ్-19లో రద్దు ఉత్తర్వు రాగానే పని అయిపోయిందనుకుని చాలామంది పోర్టల్ వైపు చూడరు. రద్దు తేదీ, ఉత్తర్వు తేదీ, వీటిలో ఏది తరువాత వస్తే అక్కడి నుంచి మూడు నెలల్లోగా జీఎస్టీఆర్-10 అనే తుది రిటర్ను వేయాలి. దాని ఆలస్య రుసుము రోజుకు 200, గరిష్ఠంగా 10,000 రూపాయలు. మిగిలిన సరుకు ఏమీ లేకపోయినా ఇది వేయవలసిందే. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ రేటున పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి మాత్రం జీఎస్టీఆర్-10 లేదు, వారు ఆ ఏడాది జీఎస్టీఆర్-4 అనే వార్షిక రిటర్ను వేస్తే సరిపోతుంది.

చీరల దుకాణం:
ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ముందు సరుకు అమ్మి, ఆపై దరఖాస్తు పెడతాను. దుకాణం అద్దెది, ఖాళీ చేశాక ఉత్తరాలు ఎక్కడికి వస్తాయి? క్యాష్ లెడ్జర్‌లో ఉన్న కొద్దిపాటి డబ్బు పోతుందా?

విడిభాగాల తయారీ:
రెగ్-16లోనే ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలకు చిరునామా అడిగే గడి ఉంటుంది. అక్కడ మీ ఇంటి చిరునామా ఇవ్వండి. రద్దయినా పాత కాలపు బకాయిలకు మీ బాధ్యత తీరదు కనుక, ఆ నోటీసులు మీకు చేరడం ముఖ్యం. లాగిన్‌లో ఆడిటర్ గారి మొబైల్ ఉంటే దరఖాస్తుకు ముందే మీ నంబరు పెట్టించుకోండి. క్యాష్ లెడ్జర్ డబ్బుకు ఆర్ఎఫ్‌డీ-01 అనే వాపసు దరఖాస్తు వేసి తిరిగి కోరవచ్చు. ఖాతా పుస్తకాలనూ బిల్లులనూ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు భద్రపరచాలి, దుకాణం ఖాళీ చేసేటప్పుడు వాటిని పాత కాగితాల కింద అమ్మేయకండి.