సీపెక్: మనకు దెబ్బ గ్వాదర్‌లోనా, గిల్గిత్‌లోనా?

(ఆన్‌లైన్ చర్చ. లంగరు, కొలమానం, తీరరేఖ, ఉత్తరదిక్కు అన్నవి రాసినవాళ్ల మారుపేర్లు.)

లంగరు: సీపెక్, అంటే చైనాను పాకిస్థాన్‌లోని గ్వాదర్ రేవుతో కలిపే చైనా–పాకిస్థాన్ ఆర్థిక కారిడార్, 2015లో మొదలైంది. ఇప్పటికీ మనవాళ్లు దాన్ని పాకిస్థాన్ అప్పుల గొడవగానే చూస్తున్నారు. చైనాకు పోయే చమురు నౌకలు అండమాన్ దాటి ఇరుకైన మలక్కా జలసంధి గుండా వెళ్లాలి; గ్వాదర్‌లో దించి నేలదారిన పంపితే ఆ గండం తప్పుతుంది. అండమాన్ నుంచి మన నౌకాదళానికున్న పట్టు సడలుతుంది. అసలు నష్టం అదీ.

కొలమానం: లెక్క వేద్దాం. చైనా రోజుకు దాదాపు 1.1 కోట్ల పీపాల ముడిచమురు దిగుమతి చేసుకుంటోంది. ట్యాంకర్ లారీలో పట్టేది 40,000 లీటర్లు, అంటే 250 పీపాలు. పెద్ద చమురు నౌక ఒక్కటి 20 లక్షల పీపాలు తెస్తుంది. ఆ ఒక్క నౌక సరుకుకే 8,000 లారీలు కావాలి. అవన్నీ పాకిస్థాన్–చైనా సరిహద్దులో 4,693 మీటర్ల ఎత్తున్న ఖుంజెరాబ్ కనుమ ఎక్కాలి. అక్కడ గాలి పలచన, ఇంజిన్ లాగదు. పైగా 2010 జనవరిలో ఆ దారిలోనే అట్టాబాద్ దగ్గర కొండ విరిగిపడి హుంజా నది సరస్సైపోయింది, రోడ్డు మునిగింది. 2015లో సొరంగాలు తెరిచేదాకా సరుకును పడవల్లో దాటించారు.

లంగరు: లారీలని నేనెక్కడన్నాను? పైపులైన్ సంగతి చూడండి. మయన్మార్ క్యాక్‌ఫ్యూ నుంచి యున్నాన్‌కు ఏడాదికి 2.2 కోట్ల టన్నుల సామర్థ్యంతో వేశారుగా.

కొలమానం: అది రోజుకు నాలుగు లక్షల పైచిలుకు పీపాలు, మొత్తం దిగుమతిలో 4 శాతం. ఆ దారిలో ఖుంజెరాబ్ లేదు కూడా. సముద్రమట్టం నుంచి ఆ కనుమకు చమురు ఎక్కించడానికి ఎత్తు ఒక్కటే 390 బార్ల పీడనం (మామూలు గాలి పీడనానికి దాదాపు 390 రెట్లు) అడుగుతుంది. ఒక్కో పంపింగ్ స్టేషన్ 80 బార్లు ఇచ్చినా ఎత్తుకే ఐదు కావాలి, గొట్టంలో రాపిడికి వేరే. చలికి చమురు చిక్కబడుతుంది, వేడి చేస్తూ పోవాలి. ఒక్క స్టేషన్‌లో కరెంటు పోయినా లైను ఆగుతుంది. గ్వాదర్ పట్టణానికే కరెంటు చాలావరకు ఇరాన్ నుంచి వస్తోంది.

తీరరేఖ: గ్వాదర్ రేవులోకి నౌకలు వచ్చే కాలువ లోతు 14 మీటర్ల చిల్లర. నిండుగా ఉన్న పెద్ద నౌకకు 20 దాకా కావాలి.

లంగరు: నౌక రేవులోకొచ్చి బెర్తు గట్టు దగ్గర ఆగడం దేనికండీ? విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీకి నడిసముద్రంలో బోయ్ (లంగరేసిన తేలుడు తొట్టి) దగ్గరే దించుతున్నారుగా.

తీరరేఖ: దించొచ్చు. ఆ తర్వాత కొండెక్కాల్సిందేగా.

ఉత్తరదిక్కు: ఇద్దరూ చమురు పట్టుకుని వేలాడుతున్నారు. సీపెక్ అన్నది చైనా బెల్ట్ అండ్ రోడ్ పథకంలో భాగం. 2017 మేలో బీజింగ్‌లో జరిగిన ఆ పథకం సదస్సుకు మనం వెళ్లకపోవడానికి చెప్పిన కారణం సార్వభౌమత్వం. సీపెక్ రోడ్డు పాకిస్థాన్ ఆక్రమణలో ఉన్న మన గిల్గిత్–బాల్టిస్థాన్ మీదుగా పోతోంది.

కొలమానం: అక్కడున్న కారకోరం రోడ్డు 1970ల నాటిది. సీపెక్ కొత్తగా చేసిందేంటి?

ఉత్తరదిక్కు: ప్రతి చర్చలోనూ మీది ఇదే వరస. అంకెకు అందకపోతే అసలు లేనట్టే మాట్లాడతారు. ఒట్టి రోడ్డు వేరు, చైనా డబ్బు పడ్డ రోడ్డు వేరు. రావల్పిండి నుంచి ఖుంజెరాబ్‌కు 820 కి.మీ. ఆప్టికల్ ఫైబర్ వేశారు. రేపు ఆ నేల మీద ఏ చర్చ జరిగినా, పెట్టుబడి కాపాడుకోవడానికి చైనా వచ్చి కూర్చుంటుంది. 1963లో పాకిస్థాన్ చైనాకు అప్పగించిన షక్స్‌గామ్ లోయలో రోడ్డు పనులు బయటపడ్డాక 2024లో మనం నిరసన తెలిపాం. అది సియాచిన్‌కు ఉత్తరాన ఉంది.

లంగరు: షక్స్‌గామ్ రోడ్డు సీపెక్ జాబితాలో లేదు.

ఉత్తరదిక్కు: సియాచిన్‌లో కాపలా కాసే జవానుకు మీ జాబితాతో పనేముంది?

కొలమానం: నా అభ్యంతరం సూటిగా చెప్తాను. గ్వాదర్ బూచిని చూపిస్తే డబ్బంతా నౌకలకు పోతుంది. చలికాలంలో మంచు కురిస్తే జోజిలా కనుమ మూతపడుతుంది, శ్రీనగర్–లేహ్ దారి తెగుతుంది. అక్కడ 13 కి.మీ. పైచిలుకు సొరంగం హైదరాబాద్ మేఘా కంపెనీ తవ్వుతోంది. ముందు అది పూర్తికావాలి.

లంగరు: నాకు మండేది ఇక్కడే. నౌకాదళం ఊసెత్తితే చాలు, కొండదారిని అడ్డం పెడతారు. రెండూ మన సరిహద్దులే. పాకిస్థాన్ చైనా దగ్గర ఎనిమిది హంగోర్ తరగతి జలాంతర్గాములు కొంటోంది. గ్వాదర్‌లో ఒక్క చుక్క చమురు దిగకపోయినా, వాటికి ఇంధనం, మరమ్మతు దొరికితే చాలదా? 2024 మేలో మనం పదేళ్లకు ఒప్పందం చేసుకున్న ఇరాన్ రేవు చాబహార్ గ్వాదర్‌కు 200 కి.మీ. లోపే.

కొలమానం: మరి మొదటి పోస్టులో మలక్కా అని ఎందుకు రాశారు?

లంగరు: మలక్కా పక్కన పెట్టండి. జలాంతర్గామికి 14 మీటర్ల లోతు సరిపోతుందా లేదా? ముందు దీనికి జవాబు చెప్పండి.