కొత్తగా గోల్ఫ్ ఆడేటోళ్లు ప్రతి షాట్ లెక్కపెట్టాలా? ములిగన్, గిమ్మీ మీద చర్చ

జడ్చర్ల జంక్షన్:
పాలమూరు, నల్లగొండ దిక్కు నుంచి పద్దెనిమిది హోల్స్ (బంతి వేయాల్సిన గుంతలు) ఆడాలంటే మనోళ్లు ఎక్కువగా హైదరాబాద్ బాట పడుతరు. అయితే గోల్కొండ నయాఖిలా దగ్గరి కోర్సు, లేకుంటే గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్. పోనురాను దూరం, ఖర్చు చూస్తే నెలకు ఒకటి రెండు రౌండ్ల కంటే ఎక్కువ పడవు. కొత్తోళ్ల గుంపుల్లో రెండు తీర్లు కనిపిస్తున్నయి. కొందరు మొదటి టీ (హోల్‌కు తొలి షాట్ కొట్టే జాగ) మీద షాట్ చెడిపోతే లెక్కల రాయకుండ ఇంకో బంతి కొడుతరు, అదే ములిగన్. హోల్‌కు మూరెడు దూరంల ఆగిన బంతిని గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగ కత్తిరించిన గడ్డి) మీద దొర్లించే పట్ వేయకుండనే పడ్డట్టు అనుకొని తీసేస్తరు, అది గిమ్మీ. ఇంకొందరు మొదటి రోజు నుంచే అంతా రూల్ ప్రకారం రాయాలంటరు. మొదటి ఏడాదికి ఏది మంచిది? కారణంతోని చెప్పండి.

పిల్లలమర్రి నీడ:
అంతా రాయాలి. రెండు బంతులు పోయినా, మూడు పట్లు పడినా రాయాలి. నెలకు రెండే రౌండ్లు దొరికే మనిషికి మిగతా ఇరవై ఎనిమిది రోజులు ఏం సాధన చెయ్యాలో చెప్పేది కార్డు ఒక్కటే.

మొత్తం ఒక్కటే రాస్తే లాభం లేదు. హోల్‌కు నాలుగు గళ్లు గీయండి: దూరపు షాట్లు, యాభై మీటర్ల లోపలి షాట్లు, పట్లు, పెనాల్టీలు. పార్ 72 (మంచి ఆటగాడు 72 స్ట్రోకుల్లో, అంటే దెబ్బల్లో, ముగించాల్సిన) కోర్సులో 118 వచ్చిందనుకుందాం. విడదీస్తే దూరపు షాట్లు 40, దగ్గరివి 30, పట్లు 40, పెనాల్టీలు 8 అని తేలవచ్చు. అప్పుడు డ్రైవర్ (దూరం కొట్టే కర్ర) మార్చాలా అన్న ఆలోచనే రాదు. డెబ్బై స్ట్రోకులు గ్రీన్ చుట్టుపక్కలే ఖర్చయ్యాయని కళ్లకు కడుతుంది.

గిమ్మీ దాచిపెట్టేది కూడా ఈ లెక్కనే. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, అంటే నడిమి నుంచి అంచుకు 54. పటర్ (పట్ వేసే కర్ర) ముఖం రెండు డిగ్రీలు పక్కకు తిరిగితే మీటరు దూరంలో బంతి 35 మిల్లీమీటర్లు తప్పుతుంది, మెల్లగా పోతే పడుతుంది. మీటరున్నర దగ్గర 52 తప్పుతుంది, అంచు మీద ఊగిసలాట. రెండు మీటర్ల దగ్గర 70, పడదు. రెండు మీటర్ల లోపలివన్నీ గిమ్మీ కింద తీసేసేవాడికి తన పటర్ ముఖం వంకర ఎన్నటికీ తెలియదు. పైగా బంతి వేగంగా పోతే అంచు తగిలి బయటికి తిరిగి వస్తుంది. చిన్న పట్ భయంతో గట్టిగా కొట్టేవాళ్లకు జరిగేది అదే.

సాగర్ కాలువ:
సార్, లెక్క బాగనే ఉంది గాని మనిషి చేతుల సంగతి మరిచిండ్రు. కొత్తోడు టీ మీద నిలబడి "ఇది పోతే రెండు స్ట్రోకులు పాయె" అనుకుంటే ఏమైతది? పిడికిలి బిగుస్తది. పిడికిలి బిగుస్తే ముంజేయి తిరగదు, క్లబ్ (కొట్టే కర్ర) ముఖం తెరుచుకొనే బంతిని తాకుతది. కుడిచేతి వాటమోళ్ల బంతి కుడికి వంపు తిరిగి కంచె దాటుతది. భయంతోని పుట్టిన స్లైస్ అది. ములిగన్ ఇస్తే అదే టీ, అదే గాలి, అదే క్లబ్‌తోని వెంటనే సరిచేసుకొనే మోకా దొరుకుతది. తప్పుకు, దిద్దుబాటుకు నడుమ అర నిమిషమే. అంతకంటే మంచి పాఠం ఏముంటది?

ఇంకోటి టైం. బంతి అవుట్ ఆఫ్ బౌండ్స్ (కోర్సు హద్దు దాటి) పోతే రూల్ ప్రకారం మళ్లీ కొట్టిన జాగకే పోవాలె. నలుగురు కొత్తోళ్లు చెరి రెండుసార్లు వెనక్కి నడిస్తే వెనక గుంపు ఆగిపోతది. పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టినా రౌండ్‌కు నాలుగు గంటల పైనే. అది ఐదున్నర గంటలైతే ఏప్రిల్, మే నెలల్ల మిట్టమధ్యాహ్నం ఎండల నడవాలె. వడదెబ్బ తాకినంక స్కోరు ఏం చేసుకుంటం? సంతోషంగ ఆడేటోడే మళ్ల వస్తడు.

పిల్లలమర్రి నీడ:
సాగర్ అన్నా, టైం మాట నిజం. కాని దానికి మందు రూల్‌లోనే ఉంది. బంతి పోయిందేమో అన్న అనుమానం రాగానే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని పక్కవాళ్లకు వినబడేట్టు చెప్పి, అక్కడి నుంచే ఇంకో బంతి కొట్టాలి, మొదటిది దొరక్కపోతే ఆడేది ఇదే. ఆ మాట చెప్పకుండా కొడితే మొదటి బంతి కంచె లోపల దొరికినా పనికిరాదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వెతకడానికి 2019 నుంచి మూడే నిమిషాలు, అంతకుముందు ఐదు ఉండేవి.

అదే ఏడాది క్లబ్బులు పెట్టుకోదగ్గ ఒక లోకల్ రూల్ కూడా వచ్చింది. వెనక్కి పోకుండా, బంతి పోయిన చోటికి సూటిగా ఫెయిర్‌వే (టీకి గ్రీన్‌కు నడుమ పొట్టి గడ్డి దారి) అంచుకు వచ్చి, రెండు పెనాల్టీలతో డ్రాప్ చేసుకోవచ్చు, అంటే బంతిని చేత్తో జారవిడవవచ్చు. టీ షాట్ ఒకటి, పెనాల్టీ రెండు, కాబట్టి అక్కడి నుంచి కొట్టేది నాలుగోది. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచే వెయ్యాలి, పాత అలవాటుగా భుజం ఎత్తు నుంచి కాదు. పెద్ద పోటీల్లో ఈ రూల్ వాడరు, స్నేహంగా ఆడేవాళ్లకు మాత్రం ఇదే సరి.

ములిగన్ బంతి ఎందుకు బాగా పోతుందో మీరే చెప్పారు: పోయేదేమీ లేదు కాబట్టి చేయి వదులవుతుంది. ఆ వదులుతనం లెక్కలో ఉన్న షాట్‌కు రావాలి కదా? లెక్కలో లేని షాట్ ఎన్నిసార్లు బాగా కొట్టినా ఆ భయం పోదు.

దేవరకొండ దారి:
ఇద్దరూ స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కించే తీరు) ఒక్కటే ఆట అన్నట్టు మాట్లాడుతున్నరు. స్టేబుల్‌ఫోర్డ్ ఉంది కదా! ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ 1932లో మొదలుపెట్టిన లెక్క ఇది. ఒకటి రెండు హోల్స్ చెడితే రౌండ్ మొత్తం మీద ఆశ వదిలేసేటోళ్ల కోసమే పుట్టింది. పార్‌కు 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒకటి ఎక్కువ) 1, బర్డీకి (ఒకటి తక్కువ) 3, ఈగిల్‌కు (రెండు తక్కువ) 4. డబుల్ బోగీ, ఆపైన ఏదైనా సున్నా.

కొత్తోళ్లకు ఇట్ల లెక్కించుకోండి. కోర్సు హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే స్ట్రోకుల తగ్గింపు) 54 అంటే హోల్‌కు మూడు స్ట్రోకులు తగ్గింపు. పార్ 4 హోల్‌ను 7లో ముగిస్తే అది నికరంగా పార్, 2 పాయింట్లు. 8 అయితే 1. తొమ్మిదో స్ట్రోక్ దాకా వస్తే సున్నా, అంటే ఎనిమిది కొట్టినా బంతి పడలేదంటే జేబులో వేసుకొని తర్వాతి టీకి నడవండి. పార్ 3కి ఈ హద్దు ఏడు, పార్ 5కి తొమ్మిది. మొత్తం 36 పాయింట్లు వస్తే మీ హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడినట్టే. ఇందులో అబద్ధం రాయాల్సిన పని లేదు, వెనక గుంపును ఆపే పని లేదు. ఒక హోల్ నాశనమైతే ఆ ఒక్క హోలే పోతది. నాకైతే మొదటి ఏడాదికి ఇంతకంటే మంచి లెక్క కనపడదు.

ఎర్రచల్క:
దేవరకొండ అక్క మాటకు ఒకటి కలుపుత. హ్యాండిక్యాప్ కావాలంటే ములిగన్ కార్డు చెల్లదు. 2020ల వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి ప్రకారం మొదటిసారి రావాలంటే మొత్తం 54 హోల్స్ కార్డులు ఇయ్యాలె, అంటే మూడు పూర్తి రౌండ్లు. అప్పటిదాక ఒక్కో హోల్‌కు పార్ మీద ఐదు వరకే లెక్కకు తీసుకుంటరు. పార్ 4ల పదమూడు కొట్టినా అక్కడ 9 అనే పడుతది. హ్యాండిక్యాప్ వచ్చినంక ఆ హద్దు నెట్ డబుల్ బోగీకి (తగ్గింపు పోను పార్ మీద రెండు) మారుతది. తర్వాత ఆఖరి 20 రౌండ్లల్ల మంచి 8 తీసి సగటు కడుతరు. చెడ్డ రౌండ్లు దాదాపు పక్కకు పోతయి కాబట్టి నిజం రాసెటందుకు జంకే పని లేదు.

గిమ్మీ సంగతి కూడ సాఫ్ చేయాలె. మ్యాచ్ ప్లేల (ఒక్కో హోల్ ఎవరు గెలిచిండ్రో లెక్కించే ఆటల) ఎదుటోడు పట్ వదిలేసుడు రూల్‌ల ఉన్నదే. స్ట్రోక్ ప్లేల లేదు. అక్కడ బంతి హోల్‌ల వెయ్యకుండ తర్వాతి టీ నుంచి కొడితే ఆట నుంచే తీసేస్తరు. రెండూ ఒకటే అనుకొనుడే గొడవకు మూలం.

బాబీ జోన్స్ పేరుమోసిన అమెరికా ఆటగాడు, పైసల కోసం కాక అమెచ్యూర్‌గ ఆడిండు. 1925 అమెరికా ఓపెన్‌ల గడ్డిల బంతి కదిలిందని తన మీద తనే పెనాల్టీ వేసుకొని, ఆఖరుకు ప్లేఆఫ్‌ల (స్కోర్లు సమానమైతే ఆడే తుది ఆటల) ఓడిండు. 1968 మాస్టర్స్ పోటీల అర్జెంటీనా ఆటగాడు డి విసెంజో కార్డు మీద పదిహేడో హోల్‌కు 3 ఉండాల్సిన కాడ 4 పడ్డది. ఆయన చూసుకోకుండ సంతకం పెట్టిండు, 4 ఖాయమైంది, ప్లేఆఫ్ చేజారింది. పెద్ద ఆటగాళ్లే కార్డుకు అంత కట్టుబడ్డరు. మనం ఆదివారం ఆటల కట్టుబడితే ఏం పోతది?

సాగర్ కాలువ:
ఎర్రచల్క తమ్మీ, వాళ్లు పెద్ద పోటీలు ఆడెటోళ్లు. మనోళ్లు వారమంత డ్యూటీ, పొలం, దుకాణం చూసుకొని ఒక పూట ఊపిరి పీల్చుకునేటందుకు పోతరు. స్టేబుల్‌ఫోర్డ్ మాట మాత్రం ఒప్పుకుంట, దాంట్ల మనసు విరగది. ఇంకో అడ్డు చెప్పుత. కార్డు చూసి "దగ్గరి షాట్లు 30" అని తెలిసింది సరే, నల్లగొండల కూసొని అవి ఎక్కడ కొట్టాలె? మన చల్క నేల, మొరం మీద కొడితే క్లబ్ ఎగిరి పడుతది.

ఎర్రచల్క:
ఎగిరిపడేది వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) అడుగు తీరు వల్ల అన్నా. అడుగు వంపును బౌన్స్ అంటరు. 10 డిగ్రీల పైన బౌన్స్ ఉన్న వెడ్జ్ గట్టి నేలకు తాకి పైకి లేస్తది, అంచు బంతి నడుముకు తగిలి బంతి తుపాకి గుండు లెక్క పోతది. గట్టి నేలకు 4 నుంచి 6 డిగ్రీలది మంచిది. కొత్తగ కొనకుంటే 9 ఐరన్ (ఇనుప తల క్లబ్) చాలు. నేల మీద సూటిగ కొట్టొద్దు, రాళ్లకు ముఖం మీది గీతలు అరుగుతయి, మోచేయి నొప్పి పడుతది. మందమైన కొబ్బరి పీచు పట్ట పరిచి, దాని కింద రెండు సెంటీమీటర్ల రబ్బరు షీటు వెయ్యాలె. సిమెంటు మీద పలుచని మ్యాట్ వేసుడు అన్నిటికంటే చెడ్డది, దెబ్బంత మణికట్టుకే తాకుతది.

ఐదు మీటర్ల దూరంల తువ్వాల పరిచి బంతి దాని మీద పడేట్టు చిప్ (కొంచెం ఎగిరి దొర్లే చిన్న షాట్) చేయాలె. పడ్డంక ఎంత దొర్లుతదనేది క్లబ్ చెప్తది: శాండ్ వెడ్జ్‌తోని ఎగిరినంత దొర్లుతది, 9 ఐరన్‌తోని సుమారు దానికి రెండింతలు. ఫుల్ స్వింగ్ మాత్రం బడి గ్రౌండుల, పశువులు తిరిగే బీడుల అసలు చేయొద్దు, బంతి తగిలితే ప్రాణం మీదికి వస్తది. చిల్లుల ప్లాస్టిక్ బంతులతోని సరిపెట్టుకోవాలె.

పిల్లలమర్రి నీడ:
పట్టింగ్‌కు ఇల్లే చాలు. షాబాదు బండల మీద బంతి జారిపోయి వేగం అంచనా అందదు, పొట్టి నూలు కార్పెట్ కావాలి. బంతికి 30 సెంటీమీటర్ల ముందు రెండు బలపాలు 5 సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టండి. బంతి వెడల్పు 42.67 మిల్లీమీటర్లు కాబట్టి ఇరుపక్కలా నాలుగు మిల్లీమీటర్ల కంటే తక్కువ సందు. ఈ సందులోంచి బంతి తగలకుండా పోతే రెండు మీటర్ల దగ్గర తప్పు 25 మిల్లీమీటర్లు దాటదు, వేగం సరిగ్గా ఉంటే హోల్‌లో పడుతుంది. రోజుకు యాభై చాలు. బలపం పడితే అది ఏ వైపుదో రాసుకోండి. కుడిది పదేపదే పడుతుంటే పటర్ ముఖం తెరుచుకుంటున్నట్టే, కుడిచేతి వాటం వాళ్లకు.

జడ్చర్ల జంక్షన్:
మంచిగ సమజైంది. ఒక్కటే మిగిలింది, మొదటి టీ. రెండు గంటలు కారుల కూసొని దిగంగనే కొట్టే షాట్ గది. అక్కడన్న ములిగన్ న్యాయమే కదా?

దేవరకొండ దారి:
ఆ షాట్ చెడేది నడుము బిగుసుకుపోయినందుకే. ఇరవై నిమిషాలు ముందు చేరండి. రెండు క్లబ్బులు కలిపి పట్టుకొని మెల్లగా ఇరవై ఊపులు, తర్వాత పది చిప్‌లు, ఆఖరికి గ్రీన్ మీద పది పొడుగు పట్లు. అప్పుడే ఆ రోజు గ్రీన్ వేగం తెలుస్తది. మొదటి హోల్‌కు డ్రైవర్ తీయకుండా 7 ఐరన్‌తో ముప్పావు ఊపు కొట్టండి. 110 మీటర్లు పోయినా చాలు, బంతి ఫెయిర్‌వేలోనే ఉంటది. పార్ 4ను 7లో ముగించడానికి అది సరిపోతది.

సాగర్ కాలువ:
అక్కా, గుంపుల నలుగురు ఒప్పుకుంటే ములిగన్ ఉండాలన్న మాట మీదనే నేనున్న. కాకుంటే ఆ బంతితోని వచ్చిన స్కోరు పక్కన గుండ్రంగ గీత గీయాలె, ఆ కార్డు క్లబ్బుల ఇయ్యొద్దు. ఇంకో మాట, బౌల్డర్ హిల్స్‌ల బంతి గుండును ఆనుకొని ఆగితే లెక్క తప్పుతదని రాయి మీద కొట్టొద్దు. ఒక పెనాల్టీతోని అన్‌ప్లేయబుల్ (ఆడరాని బంతి) అనుకొని, హోల్‌కు దగ్గర కాకుండ రెండు క్లబ్బుల పొడవు లోపల డ్రాప్ వేసుకోవాలె. మణికట్టు విరిగితే ఆర్నెల్లు ఆట బంద్.

పిల్లలమర్రి నీడ:
గుండ్రపు గీతకు ఒప్పుకుంటాను, మొదటి బంతితో వచ్చేదీ పక్కన రాస్తేనే.