అప్‌డేట్: వరదనీట మునిగిన బొమ్మ రైలింజను మళ్లీ కదిలింది

బుడమేరు వరదలో మూడు రోజులు నానిన మా నాన్నగారి హార్న్‌బీ కంపెనీ ఓఓ గేజ్ (నమూనా రైళ్ల ఒక చిన్న కొలత) బొమ్మ రైలింజనుకు పట్టిన తుప్పును ఎలా వదిలించాలని ఇదివరకు అడిగాను. మీరు సూచించినట్లు ఊడదీసిన ఉక్కు ఇరుసులను, మరలను మాత్రమే వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టాను. జింకు మిశ్రమంతో పోతపోసిన చట్రాన్ని ఆమ్లం తినేస్తుంది కాబట్టి దానిని దూరంగా ఉంచాను.

అసలు శ్రమంతా మోటారు దగ్గరే. కమ్యుటేటర్‌పై (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి పలకల వలయం) పేరుకున్న పచ్చని చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సందుల్లోని బురదను అగ్గిపుల్ల మొనతో తీసి, ఆ వలయానికి ఆనుకుని కరెంటు అందించే, అరిగిన కార్బన్ బ్రష్‌లు (చిన్న కార్బన్ ముక్కలు) మార్చాక, 12 వోల్టుల ఆ మోటారు 9 వోల్టుల బ్యాటరీకే మూలుగుతూ తిరిగింది. రంగు పెచ్చులూడిన చోట్లను ముట్టుకోలేదు; నాన్నగారే వద్దన్నారు. ఒక వైపు చక్రాల నుంచి మాత్రం కరెంటు సరిగా అందడం లేదు, చక్రాలకు ఆనుకుని కరెంటు తీసుకునే పికప్ రేకులను కాస్త వంచి చూడాలి.