పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్ మీద పెట్టొచ్చా?

డాబాగార్డెన్స్_బిల్లింగ్
మాది మందుల హోల్‌సేల్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 16, ఉబుంటు మీద. సర్వర్లో ఎస్ఎస్‌డీ నిండిపోవచ్చింది. అదే ర్యాక్‌లో నాలుగు డిస్కుల నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ) పెట్టె సగం ఖాళీగా ఉంది. 7200 ఆర్‌పీఎం డిస్కులు, రెయిడ్ 5, మధ్యలో గిగాబిట్ స్విచ్. డేటా డైరెక్టరీ మొత్తం ఎన్ఎఫ్ఎస్‌తో (అవతలి పెట్టెలోని ఫైళ్ళని నెట్‌వర్క్ మీద వాడే పద్ధతి) అందులోకి మార్చేయమంటున్నారు మా ఓనరు గారు. కౌంటర్లలో పదిహేను మంది బిల్లులు కొడుతుంటారు. చెయ్యొచ్చా?

గాజువాక_డీబీఏ
వద్దు బాబూ. జాగా చాలకపోతే డిస్కు కొనండి. ప్రతి కమిట్‌కీ, అంటే రాసింది ఖాయం చేసినప్పుడల్లా, పోస్ట్‌గ్రెస్ "డిస్కు మీద పడిందా?" అని ఎఫ్‌సింక్‌తో అడిగి, జవాబొచ్చేదాకా ఆగుతుంది. ఆ అడగడం, చెప్పడం రెండూ ఇక స్విచ్ దాటి వెళ్ళి రావాలి. స్విచ్ పోతే? సాఫ్ట్ మౌంట్ (నాస్ డైరెక్టరీని సర్వర్‌కి తగిలించే పద్ధతి, అది పలక్కపోతే ఎర్రర్ ఇచ్చేస్తుంది) పెట్టిన ఒక ఆఫీసులో కళ్ళారా చూశాను. స్విచ్ రీస్టార్ట్ అయ్యేలోపు టైమవుట్ కొట్టి, ఐఓ ఎర్రర్ వచ్చి, సర్వర్ ప్యానిక్ అని పడిపోయింది. అదీ నెలాఖరు రోజున.

ఉప్పుగాలి
అన్నా, తప్పు సాఫ్ట్ మౌంట్‌ది, నెట్‌వర్క్ మీదకి తోసేస్తే ఎలా? ఎన్ఎఫ్ఎస్ మీద నడపొచ్చని పోస్ట్‌గ్రెస్ మాన్యువల్లోనే ఉంది. గట్టిగా పెట్టిన షరతు ఒక్కటే, హార్డ్ మౌంట్. అప్పుడు లింకు పోయినా ఎర్రర్ రాదు, వచ్చేదాకా ప్రాసెస్ కాచుకుని ఉంటుంది. ఒరాకిల్ వాళ్ళు 11జీ నుంచీ డేటాబేస్ లోపలే సొంత ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ ఇస్తున్నారు. అంతెందుకు, అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ ఆర్‌డీఎస్ కింద ఉండేది ఈబీఎస్ అనే నెట్‌వర్క్ డిస్కు. అదేమైనా సర్వర్‌కి స్క్రూలతో బిగించిన డిస్కా? హైదరాబాద్ రీజియన్‌లో ఆర్‌డీఎస్ వాడుతూ ఇక్కడికొచ్చి "నెట్‌వర్క్ స్టోరేజీయా, అమ్మో" అంటే నవ్వొస్తోంది.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఈబీఎస్ బ్లాక్ డివైస్, అంటే మెషీన్‌కి ఉత్త డిస్కులా కనబడుతుంది. మామూలుగా ఒక మెషీన్‌కే తగులుతుంది, దాని మీద ఫైల్ సిస్టం నడిపేది మీ ఓఎస్ కెర్నెలే. ఎన్ఎఫ్ఎస్‌లో ఫైల్ సిస్టం అవతలి పెట్టెది, ఎంతమందైనా మౌంట్ చేసుకోవచ్చు.

నాకు భయం అక్కడే. అదే డైరెక్టరీ మీద ఇంకోటి నడుస్తోందా అని పోస్ట్‌గ్రెస్ చూసుకునేది పోస్ట్‌మాస్టర్.పిడ్ ఫైల్లోని ప్రాసెస్ నంబరుతో. ఆ నంబరు ఈ మెషీన్‌లో లేకపోతే పాత ఫైలు మిగిలిపోయిందనుకుని లేచి కూర్చుంటుంది. రాత్రి సర్వర్ హ్యాంగ్ అయిందని ఎవరో స్పేర్ మెషీన్‌లో అదే డైరెక్టరీ మౌంట్ చేసి స్టార్ట్ చేస్తారు. తెల్లారేసరికి పాతది తేరుకుంటుంది. రెండూ అవే ఫైళ్ళలో రాస్తాయి. ఇక బ్యాకప్ తప్ప దిక్కుండదు.

ఉప్పుగాలి
నాస్‌లో ఎక్స్‌పోర్ట్ (మౌంట్ చేసుకునే అనుమతి) ఒక్క ఐపీకే ఇస్తే ఆ గొడవే లేదు కదా మేడమ్.

గాజువాక_డీబీఏ
ఆ ఐపీని స్పేర్ మెషీన్‌కి పెట్టేవాడే రాత్రి డ్యూటీలో ఉంటాడు తమ్ముడూ. సరే, వాదనెందుకు. పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ అని ఎఫ్‌సింక్ వేగం కొలిచే టూల్ పోస్ట్‌గ్రెస్‌తో పాటే వస్తుంది. ఆ నాస్ మౌంట్ మీద నడిపి, ఎఫ్‌డేటాసింక్ వరసలో ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి.

డాబాగార్డెన్స్_బిల్లింగ్
సెకనుకు రెండు వేల పైచిలుకు వచ్చింది సార్. ఓనరు గారు ఫుల్ ఖుషీ.

గాజువాక_డీబీఏ
ఆయన్ని కాస్త ఆగమనండి. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు. ఈ టెస్టు రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాస్తుంది, అంటే ప్రతిసారీ డిస్కు ఒక చుట్టు తిరిగి రావాలి, 8.3 మిల్లీసెకన్లు. రెండు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? నాస్‌లో బ్యాటరీ ఉన్న క్యాష్ అన్నా ఉండాలి, లేదా పడని డేటాని పడిందని చెబుతూ ఉండాలి. ఎన్ఎఫ్ఎస్ సెట్టింగుల్లో అసింక్ అని ఉందేమో చూడండి.

డాబాగార్డెన్స్_బిల్లింగ్
ఉంది సార్. టిక్ ఎవరు పెట్టారో తెలీదు. తీసేసి మళ్ళీ నడిపితే నలభై చిల్లరకి పడిపోయింది.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
అసింక్‌లో నాస్ డేటాని ర్యామ్‌లో పెట్టుకునే "రాసేశా" అంటుంది. పోస్ట్‌గ్రెస్ నమ్మి, చెక్‌పాయింట్ (మారిన పేజీలన్నీ డిస్కుకి రాయడం) అయ్యాక పాత వాల్ (మార్పుల చిట్టా) ఫైళ్ళని తిరగవాడేస్తుంది. ఈలోగా నాస్‌కి కరెంటు పోతే ఆ పేజీలు డిస్కు మీదా ఉండవు, వాల్‌లోనూ ఉండవు. హుద్‌హుద్ లాంటిదే రానక్కర్లేదు, మే నెలలో ఒక ఈదురుగాలి చాలు. ఇంతకీ మీ దగ్గర యూపీఎస్ మీద ఏమేం ఉన్నాయి?

డాబాగార్డెన్స్_బిల్లింగ్
సర్వర్, నాస్ రెండూ ఉన్నాయి మేడమ్. స్విచ్ మాత్రం లేదు, లైన్ కరెంటు మీదే.

ఉప్పుగాలి
నా మాట ఇప్పటికీ అదే. అబద్ధం చెప్పింది పెట్టె, నిదానం డిస్కులది. ఈ రెంటిలో నెట్‌వర్క్ చేసిందేమిటి? నిజం చెప్పే ఎస్ఎస్‌డీ నాస్ అయితే నేను కళ్ళు మూసుకుని పెడతాను. ఆ మాటకొస్తే పదిహేను మంది బిల్లులకి సెకనుకు నలభై కమిట్లు చాలవా? ఒక్కో బిల్లుకి అర నిమిషం పడుతుంది. పైగా ఒకేసారి వచ్చిన కమిట్లని ఒకే ఎఫ్‌సింక్‌లో కలిపే వీలుంది.

గాజువాక_డీబీఏ
బిల్లుకి ఒక కమిట్ అయితే చాలు, ఒప్పుకుంటాను. ఈ షాపు సాఫ్ట్‌వేర్లు చాలా వాటిలో ఒక్కో మందు లైనుకీ విడిగా కమిట్ వెళ్తుంది. ఇరవై లైన్ల బిల్లుకి ఇరవై. అదే డిస్కుల మీద చెక్‌పాయింట్ కూడా రాస్తుంటే కౌంటర్లో క్యూ చూస్తారు.

డాబాగార్డెన్స్_బిల్లింగ్
లాగ్ చూశాను, లైనుకో కమిటే. ఓనరు గారు 1 టీబీ ఎస్ఎస్‌డీకి ఒప్పుకున్నారు. డేటా సర్వర్లోనే ఉంటుంది. నాస్ మీదకి వాల్ ఆర్కైవ్ (ఆ చిట్టాల కాపీలు), రాత్రి బేస్ బ్యాకప్ (డేటా మొత్తం కాపీ) పంపిస్తాను.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
మంచిది. ఒక్కటి గమనించండి. నాస్ పడిపోయి ఆర్కైవ్ కమాండ్ ఫెయిలవుతూ ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ వాల్ ఫైళ్ళని తీసేయదు. అవి ఉండే పీజీ_వాల్ డైరెక్టరీ పెరిగి పెరిగి కొత్త ఎస్ఎస్‌డీని కూడా నింపేస్తుంది, అప్పుడు సర్వరే ఆగిపోతుంది. పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఫెయిల్డ్ కౌంట్ పెరుగుతోందేమో రోజూ చూడండి. ఆ స్విచ్‌ని కూడా యూపీఎస్ మీదకి మార్పించండి.