అక్షౌహిణికి ఓత్వమా, ఔత్వమా?

ప్రశ్న, విజయవాడ నుంచి:
నిన్న బీసెంట్ రోడ్డులో ఒక పౌరాణిక నాటకం ఫ్లెక్సీ మీద ‘పద్దెనిమిది అక్షోహిణులు’ అని చూశాను. తప్పు రాశారన్నాను, ఇంట్లో తగవు మొదలైంది. అక్ష, ఊహిని కలిస్తే గుణసంధి, ‘ఓ’ రావాలి, ఫ్లెక్సీయే ఒప్పు అంటారు మా మామగారు. పైగా ఒక అక్షౌహిణి సేన మొత్తం లెక్క 2,18,700లో అంకెలు కూడితే 18 వస్తుంది, అందుకే కురుక్షేత్ర యుద్ధం 18 రోజులు జరిగిందట. పెద్దలు తేల్చాలి.

జవాబు, గుంటూరు నుంచి:
మీ మామగారు సూత్రాన్ని బాగానే పట్టుకున్నారమ్మా, మినహాయింపునే వదిలేశారు. ఈ జంట దగ్గర మాత్రం వృద్ధి, అంటే ‘ఔ’, రావాలని కాత్యాయనుడు పాణిని సూత్రాలకు రాసిన వార్తికంలో విడిగా చెప్పాడు. కాబట్టి ఔత్వమే. చివరి ‘ని’ ‘ణి’ కావడం క్షలోని షకారం చలవ.

ఇక లెక్క. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను. అమరకోశం ‘పత్తి’ అనే అతి చిన్న సేనాదళంతో మొదలుపెడుతుంది: ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు. వెరసి పది. మూడు పత్తులు సేనాముఖం, మూడు సేనాముఖాలు గుల్మం. అలాగే గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా ఏడు మార్లు మూడింతలు. (మనం ఆడపిల్లలకు వాహిని అని ముద్దుగా పేరు పెట్టుకుంటాం, నది అనుకొని. ఈ లెక్కలో అది 81 రథాల పటాలం!) ఏడు మూళ్ల లబ్ధం 2,187. పది అనీకినులు ఒక అక్షౌహిణి: 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం.

అన్నీ కలిపిన 2,18,700ను విడగొడితే రెండు రెళ్లు, ఏడు మూళ్లు, రెండు ఐదులు. మరో ప్రధాన సంఖ్య దూరలేదు. అందుకే శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఏకంగా 72. ఇంకొక్క మూడుతో గుణించి చూడండి, 6,56,100 వస్తుంది, అచ్చంగా 810 వర్గం.

18లో మాత్రం మహిమేమీ లేదు. తొమ్మిదితో భాగమయ్యే ఏ సంఖ్య అంకెలు కూడినా తొమ్మిది గుణిజమే వస్తుంది.

విజయవాడ:
మామగారు ఒప్పుకోవడం లేదండీ. క్యాలెండర్ కాగితం చించి, వెనకవైపు పెన్సిలుతో రథాలు, గుర్రాలు, కాల్బలం వేరువేరుగా కూడారు. మూడూ 18 అయ్యాయి.

గుంటూరు:
అవుతాయి, వాటిలోనూ ఆ మూళ్లే ఉన్నాయి. ఇరుపక్షాల 18 అక్షౌహిణులూ కలిపితే 39,36,600. అదే కాగితం మీద ఆ అంకెలు కూడమనండి.

విజయవాడ:
27 వచ్చింది మాస్టారూ. ఔత్వానికి ఒప్పుకున్నారు. లెక్క దగ్గర మాత్రం, ‘నక్షత్రాలు 27 కదమ్మా’ అంటున్నారు.