పోచంపల్లి మగ్గం చప్పుడుతో సౌండ్ ఆర్ట్, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నా. ప్రాజెక్టుకి పోచంపల్లి మగ్గాల చప్పుడుతో ఒక సౌండ్ పీస్ చేయాలని చాలా ఆశ, కానీ ఫోన్‌లో రికార్డు చేస్తే ఫ్యాను హోరు, పక్కవాళ్ల మాటలు అన్నీ కలిసిపోతున్నాయి. మంచి మైకు కొనే డబ్బుల్లేవు. వెనకాల సంగీతం పెట్టాలా?

జవాబు: సంగీతం వద్దు. కోఠి గుజరాతీ గల్లీలో పీజో డిస్క్ (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న బిళ్ల) కొని మగ్గం చెక్కకి టేపుతో గట్టిగా అంటించు, అది గాలిలో శబ్దం కంటే చెక్కలో అదురునే పట్టుకుంటుంది కాబట్టి మాటలు చాలావరకు రావు. నేరుగా ఫోన్‌కి కలిపితే మాత్రం పలచగా వినిపిస్తుంది, మధ్యలో చిన్న ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ని పెంచే పరికరం, ఉండాలి.

జవాబు: 1948లో పారిస్‌లో పియరీ షెఫర్ అనే రేడియో ఇంజనీరు రైళ్ల చప్పుళ్లనే ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ వినిపించి ఒక రచన చేశాడు, వాయిద్యాలేవీ లేకుండా. నువ్వూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అది ఉచితమే, నాడె (మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) ఒక్క దెబ్బని విడదీసి వేగం తగ్గించి విను.

జవాబు: ముందు నేసేవాళ్ల అనుమతి తీసుకో అమ్మా, ఎక్కడ వినిపిస్తావో కూడా చెప్పు. ఇది ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, తప్పకుండా అడుగుతాను. ప్రీయాంప్ రెడీమేడ్‌గా దొరుకుతుందా, చేయించుకోవాలా?